ఇరుక్కుపోవడం సిగ్గు కాదని నేర్పే ఆటలు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఫోన్లో ఆటలు అనగానే మన పెద్దవాళ్ళు ఒకటే మాట అంటారు, "చదువు పాడైపోద్ది" అని. అందులో నిజం లేకపోలేదు. రమ్మీలో, కలర్ ప్రిడిక్షన్‌లో స్కాలర్‌షిప్ డబ్బులు పోగొట్టుకున్నోళ్ళ గురించి హాస్టళ్ళలో వింటూనే ఉంటాం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. కానీ అన్ని ఆటల్నీ ఒకే గాటన కట్టేయడం సరికాదని నా అభిప్రాయం.

నేను చెప్పేది ఉచితంగా దొరికే పాయింట్ అండ్ క్లిక్ పజిల్ ఆటల గురించి. తెర మీద ఒక గదో, అడవో, పాత ఇల్లో ఉంటుంది. అనుమానం వచ్చిన చోటల్లా వేలితో నొక్కి చూడాలి. సొరుగులో ఒక తాళంచెవి దొరుకుతుంది. అది ఏ తాళానికి పడుతుందో మనమే కనిపెట్టాలి. వీటిలో చాలావాటికి టైము లెక్క ఉండదు, ఎదుటి ఆటగాడు ఉండడు, కాల్చుకోవడాలు ఉండవు. ముఖ్యంగా వీటికి ముగింపు ఉంటుంది. గంటలోనో రెండు గంటల్లోనో కథ అయిపోతుంది, ఫోన్ పక్కన పెట్టేస్తాం. రాత్రంతా లాగే ఆటలకీ వీటికీ అదే తేడా.

కొన్ని పేర్లు చెప్తాను. 2004లో జపాన్‌కి చెందిన తోషిమిత్సు తకాగి 'క్రిమ్సన్ రూమ్' చేశాడు. ఒక ఎర్ర గదిలో కళ్ళు తెరుస్తాం, బయటపడాలి, అంతే కథ. ఈరోజు హైదరాబాద్‌లో డబ్బులు కట్టి ఆడే ఎస్కేప్ రూములు ఇలాంటి కంప్యూటర్ ఆటల్లోంచి పుట్టినవే. నెదర్లాండ్స్ వాళ్ళ 'క్యూబ్ ఎస్కేప్: సీజన్స్' 2015లో వచ్చింది. ఒకే గదిని నాలుగు వేర్వేరు కాలాల్లో చూస్తాం. కాస్త భయంగా ఉంటుంది, చిన్నపిల్లలకి ఇవ్వకండి. 2020 చివర్లో ఫ్లాష్ ఆగిపోయాక పాత ఆటలన్నీ పోయాయనుకున్నారు. ఇప్పుడు రఫుల్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో వాటిలో చాలా ఆటలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'సామొరోస్ట్'. చెక్ దేశంలో యాకుబ్ ద్వోర్స్కీ అనే విద్యార్థి 2003లో తన కాలేజీ ప్రాజెక్టుగా చేసిన ఆట ఇది. ఇప్పటికీ ఉచితమే. తన ఇల్లు గుద్దుకుపోకుండా కాపాడుకోడానికి ఒక బుల్లి మనిషి పడే తిప్పలు. ఇందులో చదవాల్సిన మాటలు లేవు. ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీష్ అంటూ మూడు మెట్లు ఎక్కి వచ్చినోళ్ళకి దీని విలువ తెలుస్తుంది. ఇక్కడ మన యాస చూసి నవ్వేవాళ్ళు లేరు. ఉన్నదల్లా మన కళ్ళు, మన బుర్ర.

ఇక అసలు సంగతి. ఈ ఆటలకి వాక్‌త్రూలు ఉంటాయి. అంటే ఆట మొత్తం ఎలా పూర్తి చెయ్యాలో మొదటినుంచి చివరిదాకా చూపించే వీడియోలు. చదువుకున్న ఇళ్ళ పిల్లలకి జీవితంలో కూడా వాక్‌త్రూ ఉంటుంది. ఏ కోర్సు తీసుకోవాలి, ఏ ఫారం ఎప్పుడు నింపాలి, సార్‌ని ఎలా అడగాలి, ఇవన్నీ ఇంట్లోనే చెప్తారు. మన ఇంట్లో మనమే మొదట కాలేజీ గడప తొక్కినోళ్ళం. అమ్మానాన్న ప్రేమగా పంపిస్తారు, దారి మాత్రం చెప్పలేరు. కులం సర్టిఫికెట్‌కి ఒక కాగితం, ఆ కాగితానికి ఇంకో కాగితం, స్కాలర్‌షిప్‌కి బ్యాంకు లింకు, లింకుకి పాత ఫోన్ నంబరు. ఇది పాయింట్ అండ్ క్లిక్ ఆట కాకపోతే ఇంకేంటి?

ఇలాంటి చోట ఇరుక్కున్నప్పుడు మనలో చాలామంది "నాకు తెలివి లేదు" అనుకుని వెనక్కి వెళ్ళిపోతారు. కొందరు ఊరికే వెళ్ళిపోతారు, మళ్ళీ కాలేజీకి రారు. ఈ ఆటల్లో ఇరుక్కోవడం మామూలు విషయం. ఇంకో మూల నొక్కి చూడాలి, వదిలేసిన వస్తువు మళ్ళీ తీసి చూడాలి, కాసేపు ఆగి రావాలి. ఆట ఆడితే ఉద్యోగం వస్తుందని నేను అనను. ఇరుక్కున్న చోట భయపడకుండా కూర్చునే అలవాటు వస్తుందంటాను. అది కూడా పక్కన పెట్టండి. మనకి ఒక గంట సరదా కావాలంటే దానికీ లెక్క చెప్పుకోవాలా? ఆనందం కూడా మన హక్కే.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఉచిత సైట్లలో దొంగ డౌన్‌లోడ్ బటన్లు ఉంటాయి, నొక్కకండి. ఫోన్ నంబర్, ఓటీపీ అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. పరీక్షల ముందు ఆడకండి.

చివరిగా ఒక ఆశ. అమెరికాలో 2019లో 'వెన్ రివర్స్ వర్ ట్రెయిల్స్' అనే ఉచిత పాయింట్ అండ్ క్లిక్ ఆట వచ్చింది. అక్కడి ఆదివాసీ రచయితలు ఎంతోమంది కలిసి రాశారు. 1890లలో భూముల్ని ముక్కలు చేసి పంచే చట్టాల వల్ల ఊరు వదలాల్సి వచ్చిన అనిషినాబె మనిషి ప్రయాణం ఆ కథ. ఆడుతుంటే నాకు మన 1/70 చట్టం, పోడు పట్టాలు, సర్వే రాళ్ళు గుర్తొచ్చాయి. తాత పెట్టెలో దొరికిన పాత కాగితంతో మొదలయ్యే ఆట, కోయ మాటలతో, మన వాగులు మన ఇప్పచెట్లతో, ఎందుకు ఉండకూడదు? మన గ్రూపులో బొమ్మలు వేసేవాళ్ళున్నారు, బీటెక్ చేసేవాళ్ళున్నారు, కథలు తెలిసిన అవ్వలు మన ఇళ్ళలోనే ఉన్నారు.

ఈ ఆదివారం ఒక ఆట మొదలుపెట్టండి. ఎక్కడ ఇరుక్కున్నారో ఇక్కడ రాయండి. తెలిసినవాళ్ళు జవాబు మొత్తం చెప్పెయ్యకండి. చిన్న క్లూ ఇవ్వండి చాలు.