సైకిల్ ట్రాక్ ఎక్కడ వేయాలి? రామకృష్ణాపూర్ లాంటి బొగ్గు పట్టణాలకు మ్యాప్ చెబుతున్న జవాబు ఇదే!

సైకిల్ ట్రాక్ అనగానే మనకు గుర్తొచ్చేది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో కట్టిన 23 కిలోమీటర్ల దారి. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. ఎండ తగలదు, పైనున్న ప్యానెళ్లతో కరెంటు కూడా వస్తుంది. వ్యాయామానికి, వీకెండ్ రైడ్‌కు బాగుంటుంది. మరి సరదా కోసం కాకుండా డ్యూటీకి, బడికి, అంగడికి సైకిల్ తొక్కేవాళ్ల సంగతేంటి? మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్, పక్కనే మందమర్రి, గోదావరి అవతల గోదావరిఖని.. ఈ సింగరేణి పట్టణాల్లో సైకిల్ దారి వేయాలంటే ముందు ఏ రోడ్డు మీద వేయాలి?

ఇది అంచనాతో తేల్చే ప్రశ్న కాదు. దీనికి ఒక లెక్క ఉంది. దాని పేరు స్పేషియల్ నెట్‌వర్క్ మోడలింగ్. పేరు పెద్దదే కానీ విషయం సింపుల్.

అసలు ఏంటీ మోడలింగ్?

ఊళ్లో ఉన్న ప్రతి కూడలిని ఒక చుక్క అనుకోండి. రెండు కూడళ్లను కలిపే ప్రతి రోడ్డు ఒక గీత. అంతే, మీ ఊరు ఒక నెట్‌వర్క్ అయిపోయింది. 1736లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనల లెక్కను ఇలాగే తేల్చారు. ఇళ్లు, కోటలు అన్నీ పక్కనపెట్టి, ఏది దేనితో కలుస్తోంది అన్నది మాత్రమే చూశారు.

ఇప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుందంటే.. ప్రతి చుక్క నుంచి మిగతా చుక్కలకు దగ్గరి దారి వెతుకుతుంది. ఏ గీత మీదుగా ఎక్కువ దారులు వెళ్తున్నాయో లెక్కపెడుతుంది. అలాంటి గీత తెగిపోతే ఊరు మొత్తానికి చుట్టు తిరుగుడే. పొడవు 200 మీటర్లే అయినా, 5 కిలోమీటర్ల రోడ్డు కంటే ఆ ముక్కే ముఖ్యం కావచ్చు.

1970ల్లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బిల్ హిలియర్, జూలియన్ హాన్సన్ ఈ ఆలోచనను వీధుల అధ్యయనానికి తెచ్చారు. తర్వాత కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకుడు క్రిస్పిన్ కూపర్ దీన్ని సైకిళ్లకు వర్తింపజేసి 2017లో పేపర్ ప్రచురించారు. దూరం ఒక్కటే చూస్తే సరిపోదని, మలుపులు, ఎత్తుపల్లాలు, మోటారు బండ్ల రద్దీని కూడా కలిపి లెక్కించాలని ఆయన మోడల్ చెబుతుంది. కారుకు దగ్గరి దారి సైకిల్‌కు దగ్గరి దారి కాకపోవచ్చు మరి.

షిఫ్ట్ టైమ్ తెలుసు.. బయలుదేరే చోటు కూడా తెలుసు

ఇలాంటి మోడల్‌కు కావాల్సిన అసలు సరుకు ఒకటే. జనం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారు?

ఇంగ్లండ్‌లో 2017లో ఒక టూల్ తెచ్చారు. 2011 జనాభా లెక్కల్లో జనం చెప్పిన ఇల్లు, ఆఫీసు వివరాలు తీసుకుని, ‘అందరూ నెదర్లాండ్స్ వాళ్లలా సైకిల్ తొక్కితే ఏ రోడ్డు మీద ఎన్ని సైకిళ్లు వస్తాయి’ అన్నది మ్యాప్ మీద చూపిస్తుంది. అక్కడి కౌన్సిళ్లు దాన్ని చూసి ప్లాన్లు వేసుకోవచ్చు.

మన 2011 జనగణనలో కూడా పనికి దేని మీద వెళ్తారు, ఎంత దూరం అని అడిగారు. కానీ ఆ పట్టికల్లో ఏ కాలనీ నుంచి ఏ పని చోటుకు అన్న వివరం దొరకదు. పెద్ద నగరాల్లో దీనికోసం ఇంటింటి సర్వేలు చేయించాలి. ఖర్చు, టైమ్ రెండూ ఎక్కువే.

బొగ్గు పట్టణాలకు ఇక్కడే ఒక అడ్వాంటేజ్ ఉంది. సింగరేణిలో మూడు షిఫ్టులు నడుస్తాయి. ఎవరు ఏ గనిలో, ఏ షిఫ్టులో మస్టర్ పడతారో కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది. ఎవరికి ఏ కాలనీలో క్వార్టర్ ఇచ్చారో కూడా ఉంటుంది. పేర్లు అక్కర్లేదు. ‘ఫలానా కాలనీ నుంచి ఫలానా బాయికి మొదటి షిఫ్టులో ఇంతమంది’ అన్న అంకె చాలు. హైదరాబాద్ లాంటి నగరం కోట్లు పెట్టి సేకరించాల్సిన సమాచారం ఇక్కడ రిజిస్టర్లలోనే ఉంది.

అయితే ఒక లొసుగు ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు వచ్చింది. చాలా పనులు కాంట్రాక్టు కార్మికుల చేతుల్లోకి వెళ్లాయి. వాళ్లకు క్వార్టర్ ఉండదు, కిరాయి ఇల్లో చుట్టుపక్కల పల్లెలోని సొంతిల్లో ఉంటుంది. పర్మనెంట్ ఉద్యోగి బైకో కారో కొనుక్కోగలడు. సైకిల్ అవసరం ఎక్కువ ఉన్నవాళ్లు ఈ రెండో వర్గంలోనే ఉంటారు. వాళ్లను వదిలేసి మోడల్ చేస్తే, ట్రాక్ అవసరం లేనివాళ్ల ఇంటి ముందు ట్రాక్ పడుతుంది.

రామకృష్ణాపూర్ మ్యాప్ చూస్తే ఏం కనిపిస్తుంది?

క్యాతనపల్లి మున్సిపాలిటీలో ఉన్న ఈ పట్టణాన్ని కాజీపేట – బల్లార్షా రైలు మార్గం తాకుతూ వెళ్తుంది. రవీంద్రఖని స్టేషన్ ఇక్కడిదే. మంచిర్యాల నుంచి మందమర్రి, బెల్లంపల్లి మీదుగా 363వ నంబర్ జాతీయ రహదారి పోతుంది. మరోపక్క ఓపెన్‌కాస్ట్, కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్. అంటే రైలు పట్టాలు, హైవే, గని.. మూడు గోడలు. కాలనీ లోపలి వీధులు ప్రశాంతంగానే ఉంటాయి. చిన్నపిల్లలు కూడా తొక్కుకోవచ్చు. చిక్కంతా కాలనీ దాటాకే.

అమెరికాలోని శాన్ హోసే నగరంలో 2012లో చేసిన ఒక అధ్యయనం సరిగ్గా ఇదే చెప్పింది. రోడ్లను సైకిల్ తొక్కేవాళ్ల ఒత్తిడిని బట్టి నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. చూస్తే చాలా వీధులు భయం లేనివే! కానీ అవి ఒకదానితో ఒకటి కలవకుండా దీవుల్లా ఉన్నాయి. మధ్యలో ఒక పెద్ద రోడ్డు దాటాలంటే గుండె దడ. దాంతో జనం సైకిలే తీయడం లేదు.

రైల్వే గేటు సంగతి కూడా ఇంతే. గేటు తీసేసి ఫ్లైఓవర్ కడితే బండ్లకు హాయి. కానీ డబుల్ డ్యూటీ చేసి వస్తున్న మనిషి సైకిల్ మీద ఆ ఎత్తు ఎక్కాలి, అదీ లారీల పక్కన. చాలాచోట్ల జనం పట్టాల మీదుగానే సైకిల్ మోసుకుని దాటేది అందుకే. కారు మోడల్‌లో ఫ్లైఓవర్ పడగానే ‘కనెక్ట్ అయ్యింది’ అని చూపిస్తుంది. సైకిల్ మోడల్‌లో ఆ గీత ఇంకా తెగే ఉంటుంది. కింద చిన్న అండర్‌పాస్ ఉంటేనే అది అతుకుతుంది.

భయం కూడా దూరమే!

ఒక ఉదాహరణ వేసుకుందాం. కాలనీ నుంచి గనికి మెయిన్ రోడ్డు మీద 3 కిలోమీటర్లు. అందులో 2 కిలోమీటర్లు బొగ్గు లారీలు, టిప్పర్లు తిరిగే దారి. లోపలి దారిలో వెళ్తే 4.5 కిలోమీటర్లు.

టిప్పర్ల దారిని మోడల్ రెట్టింపు దూరంగా లెక్కిస్తుందనుకుందాం. అప్పుడు మెయిన్ రోడ్డు 1 + 4, అంటే 5 కిలోమీటర్లతో సమానం. సైకిల్ మనిషికి లోపలి దారే దగ్గర. ఇప్పుడు ఆ లోపలి దారిలో ఒక కల్వర్టు కట్టి కిలోమీటరు తగ్గించారనుకోండి, 3.5 అవుతుంది. మామూలు వేగంతో 15 నిమిషాల ప్రయాణం. మెయిన్ రోడ్డు పొడవునా రంగు గీతలు కొట్టే కంటే ఆ ఒక్క కల్వర్టే ఎక్కువమందికి పనికొస్తుంది. మోడల్ ఇచ్చే అసలు లాభం ఇదే. పని మొదలుపెట్టక ముందే రెండు ప్లాన్లనూ పోల్చి చూడొచ్చు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్తున్నవాళ్లు. సైకిల్ భద్రం కాదని బైక్ ఎక్కినవాడు కూడా భద్రంగా లేడన్నమాట.

సైకిల్ కాలం అయిపోయిందా?

‘ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కుతున్నారు?’ అనేవాళ్లు ఉంటారు. 2011 లెక్కల్లో దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది, 21 శాతం ఇళ్లలోనే టూవీలర్ ఉంది. వ్యవసాయేతర పనులకు వెళ్లేవాళ్లలో సుమారు 13 శాతం సైకిల్ మీదే వెళ్లేవాళ్లు. ఆ తర్వాత బైకులు బాగా పెరిగాయి, నిజమే. ఒకప్పుడు సైకిళ్లతో నిండిన బాయి స్టాండుల్లో ఇప్పుడు బైకులు ఉంటాయి. కానీ నెలకు పెట్రోల్‌కు ఎంత పోతోందో కాంట్రాక్టు కార్మికుడిని అడిగితే తెలుస్తుంది.

పిల్లల విషయంలో అయితే సాక్ష్యం చాలా గట్టిది. బిహార్ ప్రభుత్వం 2006లో 9వ తరగతి ఆడపిల్లలకు సైకిళ్ల పథకం తెచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం ప్రకారం హైస్కూల్లో ఆ వయసు ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి. ఎక్కువ లాభం ఎక్కడో తెలుసా? స్కూలు 3 కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలో. అంటే సైకిల్ విలువ దూరాన్ని బట్టి మారుతుంది. ఏ ఊరికి ఎంత లాభమో మ్యాప్ మీద ముందే చెప్పొచ్చు.

మన దగ్గర 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. అయితే బస్టాప్ దాకా ఎలా రావాలి? ఆ చివరి రెండు కిలోమీటర్లు కూడా ఈ నెట్‌వర్క్‌లో భాగమే.

మోడల్‌కు తెలియనివి ఇవీ

కంప్యూటర్ చెప్పిందల్లా నమ్మాల్సిన పనిలేదు. బొగ్గు బెల్టులో మూడు విషయాలు తప్పక కలపాలి.

• ఎండ: రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. చెట్టు లేని 2 కిలోమీటర్లు, నీడ ఉన్న 4 కిలోమీటర్ల కంటే కష్టం. మధ్యాహ్నం షిఫ్ట్ మారే టైమ్‌కు నీడ లేని దారి, దారి కిందకే రాదు.

• చీకటి: రాత్రి షిఫ్టుకు వెళ్లేవాళ్లకు లైట్లు లేని రోడ్డు పగటి మ్యాప్‌లో ఉన్నా రాత్రి మ్యాప్‌లో లేనట్టే. అంటే ఒకే ఊరికి రెండు మోడళ్లు కావాలి.

• గని విస్తరణ: ఓపెన్‌కాస్ట్ పెరిగితే పాత రోడ్డు పోతుంది. ఎన్నో ఏళ్లుగా నడిచిన బాట మట్టి గుట్టల కింద కలిసిపోతుంది. డైవర్షన్ రోడ్డు ఇస్తారు కానీ అది లారీని దృష్టిలో పెట్టుకుని వేసింది. లారీకి 4 కిలోమీటర్లు ఎక్కువైతే 10 నిమిషాలు. సైకిల్ మనిషికి అది పోనూ రానూ 8 కిలోమీటర్లు.

మూడోదే అన్నిటికంటే ముఖ్యం. గని విస్తరణకు పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. దుమ్ము, నీళ్లు, పేలుళ్లు, ఉద్యోగాల మీద మాట్లాడతారు. ‘ఈ రోడ్డు పోతే ఏ ఊరికి ఎంత దూరం పెరుగుతుంది’ అన్న మ్యాప్ కూడా ఆ రోజు జనం ముందు పెట్టాలి. ఉచితంగా దొరికే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్, ఒక ల్యాప్‌టాప్ ఉంటే ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు చేయగలిగే పని ఇది. మ్యాప్‌లో లేని కాలనీ సందులను వాళ్లే తిరిగి ఎక్కించొచ్చు.

మరి డబ్బు?

గనుల ప్రాంతాల కోసమే జిల్లా ఖనిజ నిధి ఉంది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం ఇందులో జమ చేయాలి. ఆ నిధిలో కొంత వాటాను రోడ్లు, వంతెనల్లాంటి సదుపాయాలకు వాడొచ్చు. ఇక సైకిల్ ట్రాక్ ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో మార్గదర్శకాలు సవరించింది. బండ్లను కాదు మనుషులను కదిలించాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2021లో కేంద్రం సైకిల్ ఛాలెంజ్‌లో గెలిచిన 11 నగరాల్లో మన వరంగల్ ఉంది. రూల్స్ ఉన్నాయి, నిధి ఉంది. లేనిదల్లా ఏ ముక్క ముందు కట్టాలన్న లెక్క.

ఆ లెక్క లేకపోతే ఏమవుతుంది? ఖాళీ జాగా ఎక్కడుంటే అక్కడ ట్రాక్ పడుతుంది. రిబ్బన్ కటింగ్ అవుతుంది. ఏడాదికి అది పార్కింగ్ అవుతుంది. చివరికి ‘మన జనం సైకిల్ తొక్కరు’ అని తేల్చేస్తారు.

కాబట్టి మీ మున్సిపాలిటీలో సైకిల్ ట్రాక్ అన్న మాట వినిపిస్తే, ఎన్ని కిలోమీటర్లు అని అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగండి. రాత్రి షిఫ్ట్ దిగిన కాంట్రాక్టు కార్మికుడు బాయి గేటు నుంచి తన ఇంటి దాకా, మధ్యలో ఎక్కడా దిగకుండా ఆ దారిలో వెళ్లగలడా? వెళ్లగలిగితే అది కిలోమీటరైనా చాలు.