ఇంటి బసకు అనుమతులు, పన్నులు: హోమ్‌స్టే నిర్వాహకుల తీర్మానం

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ మండలాల్లో సొంత ఇళ్లలో పర్యాటకులకు బస కల్పిస్తున్న నిర్వాహకుల సర్వసభ్య సమావేశం ఈ కింది విధంగా తీర్మానించింది.

సమావేశం గమనించినదేమనగా, 2017 జులై 1న జీఎస్టీ రావడంతో రాష్ట్రాల విలాస పన్ను అందులో కలిసిపోయింది. రోజు అద్దె 7,500 రూపాయలు మించని గదిపై 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. ఏడాది మొత్తం టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటని నిర్వాహకుడికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అటువంటివారి గది ఆన్‌లైన్ వేదిక ద్వారా బుక్ అయితే పన్ను కట్టవలసింది ఆ వేదికే. రిజిస్ట్రేషన్ లేనివారు జీఎస్టీ పేరుతో అతిథి నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోరాదు.

సమావేశం విచారిస్తున్నదేమనగా, నవంబరు నుంచి జనవరి దాకా రద్దీ రోజుల్లో కొందరు జీఎస్టీ నంబరు లేకుండానే చీటీ మీద పన్ను రాసి వసూలు చేస్తున్నారు. ఆ సొమ్ము ప్రభుత్వానికి చేరదు. అతిథికి మిగిలేది అనుమానమే. ఈ పద్ధతిని సమావేశం ఖండిస్తున్నది.

సమావేశం నొక్కి చెబుతున్నదేమనగా, ఈ ప్రాంతంలో అనుమతికి ముందు వచ్చే ప్రశ్న భూమిది. 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన, అంటే మనమంతా 1/70 అనే చట్టం, గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా అడ్డుకుంటుంది. అమ్మకమే కాదు, లీజు కూడా ఆ నిబంధనలో బదలాయింపే. ఇలాంటి లీజుల విషయంలోనే 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంత గనుల వివాదం నుంచే పుట్టింది. పంచాయతీ లైసెన్సు గిరిజన కుటుంబం పేరున ఉండి, గదులూ గల్లాపెట్టీ బయటి వ్యాపారి చేతిలో ఉంటే అది హోమ్‌స్టే కాదు, బినామీ లాడ్జి. ఎంత పన్ను కట్టినా దానికి సక్రమత రాదు.

సమావేశం తీర్మానించినదేమనగా, యజమాని కుటుంబం నివసించని ఇంటికి సభ్యత్వం ఇవ్వరాదు; ఇచ్చి ఉంటే రద్దు చేయాలి. గదుల సంఖ్యకు కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలోని ఆరు గదులు, పన్నెండు పడకల పరిమితినే కొలమానంగా పాటించాలి.

సమావేశం ఇంకా తీర్మానించినదేమనగా, ప్రతి సభ్యుడూ అతిథుల రిజిస్టరు రాయాలి. గుర్తింపు కార్డు చూడకుండా గది ఇవ్వరాదు. విదేశీ అతిథి వస్తే, సి ఫారంగా పేరుపడిన వివరాలను 24 గంటల లోపు ఆన్‌లైన్‌లో పంపాలి. నేరుగా వచ్చిన రాబడి, వేదికల ద్వారా వచ్చిన రాబడి వేరువేరుగా లెక్క రాయాలి. టర్నోవరు 20 లక్షలకు చేరువవుతున్న సభ్యుడు నోటీసు కోసం ఎదురుచూడకుండా తానే రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి.

సమావేశం జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నదేమనగా, పంచాయతీ లైసెన్సు, పర్యాటక నమోదు, పోలీసు, అగ్నిమాపక అనుమతులకు పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో ఒకే కౌంటరు పెట్టాలి. రుసుముల పట్టికను తెలుగులో ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద అతికించాలి. తెలుగు చదవలేని పెద్దలకు గ్రామసభలో కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో చెప్పించాలి. ఒక్క గది అద్దెకిచ్చే ఇంటిని కరెంటు బిల్లులో వాణిజ్య కేటగిరీకి మార్చరాదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ప్రకటించిన ముద్ర రుణాలకు, పై నియమాలు పాటిస్తున్న కుటుంబాలను బ్యాంకులకు సిఫారసు చేయాలి.

ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, మూడు మండలాల గ్రామ పంచాయతీలకు పంపాలని నిర్ణయించడమైనది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.