రిపోర్టులో ఆ ఒక్క అంకె!

2018 మార్చి. తనకు న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్ ఉన్నట్టు తేలిందని నటుడు ఇర్ఫాన్ ఖాన్ ప్రకటించారు. 2006లో వచ్చిన 'సైనికుడు'లో ఆయన్ని విలన్‌గా చూసిన తెలుగు ప్రేక్షకులూ ఉలిక్కిపడ్డారు. 'న్యూరో' అన్న మాట వినగానే మెదడులో కణితి అనుకున్నారు చాలామంది. న్యూరో అంటే ప్రతిసారీ మెదడే కానక్కర్లేదని ఆయనే చెప్పాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్ 29న ముంబయిలో ఇర్ఫాన్ కన్నుమూశారు.

మరి ఈ కణితి ఎక్కడ పుడుతుంది? మన ఒంట్లో కొన్ని కణాలది రెండు రకాల స్వభావం. నాడీకణాల్లా సంకేతాలు అందుకుంటాయి, గ్రంథుల్లా హార్మోన్లూ విడుదల చేస్తాయి. పేగులు, జీర్ణాశయం, క్లోమం, ఊపిరితిత్తులు... ఇలా చాలాచోట్ల ఇవి ఉంటాయి. అవి అదుపు తప్పి పెరిగితే వచ్చేదే ఈ జబ్బు. 1907లో జర్మనీ వైద్యుడు ఒబెర్న్‌డోర్ఫర్ చిన్నపేగుల్లోని ఈ కణితులకు 'కార్సినాయిడ్' అని పేరు పెట్టాడు. క్యాన్సర్‌లాంటిదే కానీ అంత హాని చేయదన్నది ఆయన ఉద్దేశం. ఇవి ఇతర భాగాలకూ పాకగలవని 1929లో ఆయనే సవరించుకున్నాడు.

గుర్తించడమే కష్టం!

కొన్ని కణితులు హార్మోన్లను అతిగా వదులుతాయి. దాంతో ముఖం ఉన్నట్టుండి ఎర్రబడి వేడెక్కుతుంది. విరేచనాలు తగ్గవు. పిల్లికూతలు వస్తాయి. ముఖం వేడెక్కితే మెనోపాజ్ అనీ, విరేచనాలైతే ఐబీఎస్ అనీ, పిల్లికూతలైతే ఆస్తమా అనీ పొరబడటం మామూలే. అలా ఏళ్లు గడిచిపోతుంటాయి. ఇంకొన్నయితే ఏ లక్షణమూ చూపించవు. వేరే దేనికోసమో స్కానింగ్ తీస్తే బయటపడతాయి.

అనుమానం వస్తే రక్తంలో క్రోమోగ్రానిన్-ఎ, 24 గంటల మూత్రంలో 5-హెచ్ఐఏఏ పరీక్షలు చేస్తారు. ఇక్కడో జాగ్రత్త. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ మాత్రలు మొదటి పరీక్షలో అంకెను పెంచేస్తాయి. అరటిపండు, అనాస, టమాటా తింటే రెండోది తప్పుదోవ పట్టొచ్చు. వేసుకునే మందులు, తినే తిండి గురించి డాక్టరుకు ముందే చెప్పాలి. కణితి ఎక్కడుందో, ఎంతవరకు పాకిందో చూడటానికి సీటీ, గాలియం డోటాటేట్ పెట్ స్కాన్‌లు ఉపయోగపడతాయి. జబ్బును ఖాయం చేసేది మాత్రం ముక్క తీసి చేసే బయాప్సీయే.

రెండు ప్రశ్నలు

బయాప్సీలో పాథాలజిస్టు ముఖ్యంగా రెండు సంగతులు చూస్తారు. కణాలు తమ అసలు రూపాన్ని నిలుపుకున్నాయా? ఎంత వేగంగా విభజన చెందుతున్నాయి? ఈ వేగాన్ని చెప్పేదే 'కేఐ-67'. జీర్ణకోశం, క్లోమం కణితుల్లో ఇది 3 శాతం లోపుంటే గ్రేడ్-1. 3 నుంచి 20 వరకు గ్రేడ్-2. 20 దాటితే గ్రేడ్-3. కణాల విభజనలనూ లెక్కపెట్టి, రెండింటిలో ఏది ఎక్కువ గ్రేడ్ చూపితే దాన్నే తీసుకుంటారు. ఊపిరితిత్తుల కణితులకు లెక్క వేరు.

20 దాటినవన్నీ ఒకటి కావు. అసలు రూపం పోనివి ఒక రకం. రూపం పూర్తిగా చెడినవి మరో రకం. వీటిని కార్సినోమా అంటారు. ఇవి చాలా దూకుడుగా పెరుగుతాయి, సాధారణంగా వెంటనే కీమోథెరపీ మొదలుపెట్టాల్సి వస్తుంది. నెమ్మదిగా పెరిగేవాటికి దారి వేరు. ఆపరేషన్, ఆక్ట్రియోటైడ్‌లాంటి ఇంజెక్షన్లు, లుటీషియం చికిత్స... ఒక్కోసారి కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. ఈ రెండు రకాలనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో క్లోమం విషయంలో, 2019లో జీర్ణకోశం మొత్తానికీ విడదీసింది.

గ్రేడ్, స్టేజీ ఒకటి కావన్నదీ గుర్తుంచుకోవాలి. వేగం చెప్పేది గ్రేడ్, ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజీ. కాలేయానికి పాకినా గ్రేడ్-1 కావచ్చు.

కాబట్టి రిపోర్టులో 'న్యూరో ఎండోక్రైన్' అని కనిపిస్తే అక్కడే బెంబేలెత్తిపోవద్దు, తేలిగ్గానూ తీసుకోవద్దు. గ్రేడ్ ఎంత, కేఐ-67 ఎంత అని అడగండి. లేకపోతే రాయించుకోండి. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు భద్రంగా దాచుకుంటే అనుభవమున్న మరో పాథాలజిస్టుకూ చూపించుకోవచ్చు. చికిత్స ఏ దారిన వెళ్లాలో చాలావరకు తేల్చేది ఆ అంకే మరి!