'మామూలే' అనేస్తే సరిపోతుందా?

షుగరు గురించి, బీపీ గురించి భోజనాల దగ్గరే మాట్లాడుకుంటాం. మోకాళ్ళ నొప్పుల సంగతైతే వచ్చినవాళ్ళందరికీ చెప్తాం. గర్భసంచి జారడం మాత్రం అక్కాచెల్లెళ్ళ మధ్య కూడా గుసగుసే. "కింద బరువుగా ఉంటోంది, ఏదో జారుతున్నట్టుంది" అనడానికి నోరు రాదు. ధైర్యం చేసి ఎవరైనా అన్నా, "ముగ్గుర్ని కన్నావు, వయసు మీద పడుతోంది, మామూలేలే" అంటారు పెద్దవాళ్ళు.

ఆ 'మామూలే' మీదే నా అభ్యంతరం.

కాన్పులూ వయసూ కారణాలే, కాదనను. మామూలు కాన్పులు ఎక్కువైనా, బిడ్డ పెద్దదైనా, ఫోర్సెప్స్ వేసి లాగినా, గర్భసంచినీ మూత్రాశయాన్నీ కిందనుంచి మోసే కండరాలు దెబ్బతినొచ్చు. ముట్లుడిగాక ఇంకా వదులవుతాయి. కొందరికి ఆ బలహీనత పుట్టుకతోనే వస్తుంది. సరే, ఇవి మన చేతుల్లో లేవు. మరి ఏళ్ళ తరబడి మలబద్ధకంతో ముక్కడం, తగ్గని దగ్గు, ఒళ్ళు పెరగడం, బరువులు మోయడం? ఇవీ రోజూ ఆ కండరాల్ని కిందికి నెట్టేవే. వీటిల్లో కొన్ని మన ఇళ్ళ పద్ధతుల్లోంచే వస్తున్నాయని నా అభిప్రాయం.

పత్యమే చూడండి. ఒంటికి నీరు పడుతుందని బాలింతకు మంచినీళ్ళు కొలిచి ఇస్తాం. వాతమని సగం కూరగాయలు మాన్పిస్తాం. కారప్పొడీ, నెయ్యీ, అన్నం! పాలిచ్చే తల్లికి నీళ్ళూ పీచూ లేకపోతే మలబద్ధకం రాక ఏమవుతుంది? పచ్చి ఒంటితో రోజూ ముక్కాల్సిందే.

పుట్టింట్లో మూడో నెలదాకా బరువు ఎత్తనివ్వకపోవడం మాత్రం బంగారంలాంటి పద్ధతి. కానీ ఆ భోగం చాలామందికి మొదటి కాన్పుతో సరి. రెండోసారికి చంకలో పెద్దపిల్ల, చేతిలో నీళ్ళ బిందె. నిండు గ్యాసు సిలిండర్ సుమారు 30 కిలోలుంటుంది, దాన్నీ మనమే ఈడ్చేస్తాం. ఇక కూలికెళ్ళే ఆడవాళ్ళకి ఆ మూడు నెలలైనా ఎవరిస్తున్నారు?

ఇంకో మాట కూడా తరచూ వింటుంటాం. "తీయించేసుకో, పీడా పోతుంది." 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం మందికి, తెలంగాణలో 7.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తమ్మీద అది 3.2 శాతమే. అందరికీ జారడం వల్లే తీశారని కాదు, కారణాలు రకరకాలు. కానీ తీసేస్తే ఇక జారేదేమీ ఉండదనుకోవడం మాత్రం నిజం కాదు. మూత్రాశయం జారొచ్చు, మలాశయం ముందుకు ఉబ్బొచ్చు, యోని పైభాగమే కిందికి దిగొచ్చు.

కొందరికి ఆపరేషన్ తప్పదు, నిజమే. అంతకుముందు చూడాల్సినవీ ఉన్నాయి. కింది కండరాల్ని బిగించి వదిలే వ్యాయామాల గురించి కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే రాశాడు. సమస్య కొద్దిగా ఉన్నప్పుడు అవి చాలామందికి ఉపయోగపడతాయి. పెసరీ అని ఒక సిలికాన్ రింగు కూడా ఉంది, కోత లేకుండా లోపలి భాగాల్ని పైకి నిలబెడుతుంది. మందుల షాపులో కొని పెట్టేసుకునేది కాదు, కొలత చూసి డాక్టరే పెట్టాలి. ఎవరైనా మొదటి రోజే ఆపరేషన్ తేదీ ఇస్తుంటే, "మేడమ్, ముందు రింగు పెట్టి చూడొచ్చా?" అని అడగండి.