అలసిన తల్లికి ముందు విశ్రాంతి

తెల్లవారకముందే వంట, పిల్లల క్యారేజీలు, ఆపై ఉద్యోగం. ఆదివారం ప్రేమవిందులో గరిటె పట్టేదీ ఆమే. అలాంటి తల్లి, 'ప్రార్థనలో కునుకు వస్తోంది అయ్యగారూ' అంటే, విశ్వాసం తగ్గిందని హెచ్చరిస్తాం మనం.

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు అలా గద్దించలేదు (1 రాజులు 19). నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపితే తలదగ్గర నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని, తాగి మళ్లీ పడుకున్నాడు. హోరేబులో మెల్లని స్వరం విన్నది ఆ తర్వాతే.

'విశ్రాంతి తీసుకో అమ్మా' అని ప్రసంగించి ఊరుకుంటే చాలదు. ఏలీయా తన రొట్టె తానే కాల్చుకోలేదు. ఈ ఆదివారం విందు గిన్నెలు పురుషులమైన మనం కడుగుదాం. ఆ గంటసేపు ఆమెను దేవుని సన్నిధిలో ఊరకే కూర్చోనిద్దాం.