అద్దె లెక్క ఎవరిది?

‘ఆదాయంలో 30 శాతానికి మించి అద్దె కట్టకండి.’ పొదుపు సంఘాల శిక్షణల్లో మనం చెబుతుండే మాట ఇది. బోర్డు మీద రాసి, స్త్రీల చేత ఒప్పజెప్పించి వస్తాం. ఈ లెక్క ఎవరి కోసం పుట్టిందో ఎప్పుడైనా అడిగామా?

అమెరికాలో 1969లో వచ్చిన ఒక చట్ట సవరణ, ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదల నుంచి వాళ్ళ ఆదాయంలో 25 శాతానికి మించి అద్దె వసూలు చేయరాదంది. 1981లో దాన్ని 30 శాతం చేశారు. అంటే అది ఇల్లిచ్చే ప్రభుత్వానికి గీసిన గీత. మన దగ్గరికొచ్చేసరికి అద్దెకుండే స్త్రీకి చెప్పే నీతిబోధ అయిపోయింది.

హైదరాబాదులో ఇళ్ళల్లో పనిచేసి నెలకు 12,000 రూపాయలు తెచ్చుకునే ఒంటరి తల్లిని అనుకుందాం. ఇద్దరు పిల్లలు. 30 శాతమంటే 3,600. ఇప్పుడు లెక్కను అటునుంచి వేద్దాం. తిండికీ గ్యాసుకూ 5,500, పిల్లల చదువుకు 1,500, మందులకు 800, సంఘం అప్పు వాయిదాకు 1,500, కరెంటు, ఫోను, బట్టలకు 700. మొత్తం 10,000. మిగిలేది 2,000. మనం చెప్పిన 3,600 కట్టాలంటే తక్కిన 1,600 ఎక్కణ్ణుంచి రావాలి? ఆమె కంచంలోంచి రావాలి. లేదా ఆడపిల్ల బడి మానాలి. నెలకు 60,000 తెచ్చుకునే మనిషి 30 శాతం కట్టినా చేతిలో 42,000 ఉంటాయి. శాతం ఒకటే గానీ బతుకులు ఒకటెలా అవుతాయి?

‘ఊరి చివర తక్కువకు దొరుకుతుంది కదా’ అంటాం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేని మాట నిజమే. కానీ పొద్దున్నే ఆరింటికి గిన్నెల ముందు కూర్చోవాల్సిన మనిషికి ప్రయాణంలో రెండు గంటలు పోతే ఒక ఇంటి పని పోయినట్టే. పైగా ‘మీ ఆయనేడీ?’ అని అడిగే యజమానుల దగ్గర ఆమెకు బేరమాడే అవకాశమే లేదు.

2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంది. రాష్ట్రాలు చట్టం చేస్తేనే అదీ అమలు. అద్దె ఎంతన్నది మాత్రం ఇరువురి ఒప్పందానికే వదిలేసింది. తల దాచుకోను చోటులేని మనిషికీ, నాలుగు గదులున్న మనిషికీ మధ్య జరిగేదాన్ని ఒప్పందమనవచ్చా?

శిక్షణల్లో శాతాలు వల్లించడం మానేద్దాం. తిండి, మందులు, చదువు పోగా మిగిలేదెంతో స్త్రీల చేతే లెక్క వేయిద్దాం. దానికీ బస్తీలో నడుస్తున్న అద్దెకూ ఉన్న తేడాను కాగితం మీద పెట్టి ప్రభుత్వం ముందుకు తీసుకెళ్దాం. పనికి దగ్గర్లో ప్రభుత్వ అద్దె ఇళ్ళు కావాలనీ, వాటి అద్దె ఆ మిగులును దాటరాదనీ అడుగుదాం. ఆ తేడాకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.