సర్టిఫికెట్టు దేనికి సాక్ష్యం?

అశోక్‌నగర్‌లో బయలుదేరి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా ఒకసారి నడిచి చూడండి. దారిపొడవునా శిక్షణ కేంద్రాల బోర్డులే. పుస్తకాల సంచీతో నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళే అన్నయ్యలు, అక్కయ్యలు కనిపిస్తారు. తమకు పని వచ్చునని ముక్కూమొహం తెలియనివారిని నమ్మించడం వీరందరికీ ఉన్న సమస్య. సర్టిఫికెట్టు పుట్టింది అందుకే.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. లినక్స్‌నే తీసుకోండి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. దాని లోపలి రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. పైసా ఇవ్వకుండా నేర్చుకోవచ్చు. మరి నేర్చుకున్నామని చెప్పే కాగితానికి వేల రూపాయలు ఎందుకు కట్టాలి?

జవాబు పాత టైపు పరీక్షలో ఉంది. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. ఇంగ్లీషు టైపు లోయర్ అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అంటే 45. మిషను ముందు కూర్చొని కొట్టి చూపవలసిందే. మిషను భాగాల పేర్లు బట్టీపట్టి గట్టెక్కే వీలు లేదు.

రెడ్‌హ్యాట్ కంపెనీవారి లినక్స్ పరీక్ష ఈ తరహాదే. నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమనరు. పని చేయడానికి కంప్యూటరే అప్పగిస్తారు. వాడేవారికి ఖాతాలు తెరవాలి, డిస్కులో కొత్త విభాగం ఏర్పరచాలి. ఇంటర్నెట్టు ఉండదు. అన్నిటికన్నా గట్టి షరతు: కంప్యూటరును ఆపి మళ్ళీ ఆన్ చేశాక కూడా మీరు చేసిన మార్పులు నిలిచి ఉండాలి! మొదటి స్థాయిలోనే 300కు 210 మార్కులు రావాలి. (మన బడుల్లో సైన్సు ప్రాక్టికల్స్ కూడా ఇంత నిక్కచ్చిగా జరిగితే ఎంత బాగుండును!)

ఇటువంటి సర్టిఫికెట్టుకు విలువ ఉంది. పేరున్న కాలేజీలో చదవని, సిఫారసు చేసే బంధువులు లేని అమ్మాయికి అది తలుపు తెరుస్తుంది. టిక్కులు పెట్టించి వారంలో చేతికిచ్చే కాగితం అంత పని చేయదు. దానికోసం ఇంట్లో అప్పు చేయించవద్దు. మంచి సర్టిఫికెట్టుకైనా గడువుంటుంది. రెడ్‌హ్యాట్‌ది 3 సంవత్సరాలే. కనుక బడి వయసులో తొందర అక్కరలేదని నా అభిప్రాయం.

రుసుము లేని సాక్ష్యం మరొకటి ఉంది. 2005లో టోర్వాల్డ్సే తయారుచేసిన గిట్ అనే ప్రోగ్రాం, ఎవరు ఏ తేదీన ఏ మార్పు చేశారో పేరుతో సహా దాచిపెడుతుంది. మీరు తెలుగు అనువాదంలో ఒక్క తప్పు దిద్దినా, నిర్వాహకులు ఒప్పుకుంటే అది అందులో చేరుతుంది. ఎవరైనా చూడవచ్చు. అయితే వందల దరఖాస్తులు తిరగేసే ఆఫీసులో ఆ చిట్టా చదివే తీరిక ఎవరికి? అక్కడ ముందుగా కంటబడేది కాగితమే.

ఇంట్లో కంప్యూటరు ఉంటే, పెద్దల అనుమతితో, ఉన్నదేదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి చూడండి. ఒక కొత్త ఖాతా తెరవండి. ఆపి, మళ్ళీ ఆన్ చేయండి. మామూలుగా ఆ ఖాతా మాయమవుతుంది. ఎందుకు పోయిందో కనిపెట్టి మీ కంప్యూటరు మాస్టారికి చెప్పండి.